పంటు దిగాక నాన్నగారు ఆడిన అబద్ధం

మా చిన్నప్పుడు పదో తరగతి ఫలితాలు పేపర్లో వచ్చేవి... రాజోలు నుంచి వచ్చే మొదటి బస్సులో ఆ పేపరు దిగగానే అందరూ మూగేవారు. ఆ ఏడాది మా స్కూలు ఫస్టు నేనే. నాన్నగారు కనిపించినవాళ్ళందరికీ కాజాలు పంచారు. "ఏటవతల హాస్టలు కాలేజీలో మా అమ్మాయి వరానికి సీటొచ్చేసినట్టేనండీ" అని చెప్పేశారు కూడా.

ఆ కాలేజీలో మార్కులొక్కటే చూడరు, పిల్లల్ని పిలిచి మాట్లాడిస్తారు అని విన్నాం. విన్నా లెక్కచేయలేదు... ఫస్టు వచ్చిన పిల్లని ఎవరు కాదంటారు?

ఆ మాట్లాడించే రోజున మాతో కరుణ కూడా వచ్చింది. తొమ్మిదో తరగతి తప్పి, మళ్ళీ చదువుతూ మా క్లాసులో కలిసిన పిల్ల. వాళ్ళ అమ్మా నాన్నా కూలికి వెళ్ళేవారు. మా నాన్నగారే ఇద్దర్నీ పంటు ఎక్కించి గోదావరి దాటించారు.

ప్రిన్సిపాల్ గారు పెద్దావిడ. ఎంతో మెత్తగా అడిగారు. "నీకు చేతకాని పని ఏదైనా ఉందామ్మా? అప్పుడేం చేస్తావు?"

ఇంట్లో నేను తిన్న కంచం కూడా అమ్మే తీసేది. చదువు తప్ప ఇంకో పని నాకెవరూ చెప్పలేదు. ఓణీ చివర వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయాను. ఆవిడ ఇంకాస్త తేలిక చేసి అడిగారు. కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చేశాను.

నా తర్వాత కరుణ. తలుపు తీసే ఉంది, అంతా వినిపించింది.

"లెక్కలు రావండి. తొమ్మిది తప్పేనండి. బాగా ఏడిచేనండి. తర్వాత మాస్టారింటికెళ్ళి, మళ్ళీ మొదట్నుంచి చెప్పండని అడిగేనండి. చిన్నపిల్లల్లో కూర్చోమన్నారండి... కూర్చున్నానండి."

సాయంత్రం పేర్లు చదివారు. కరుణ పేరుంది. నాది లేదు.

తిరిగి పంటు దిగేసరికి రేవులో కిళ్ళీబడ్డీ ఆయన ఎదురొచ్చాడు. "ఏమండీ, అమ్మాయిగారికి సీటొచ్చిందాండీ?"

"ఆయ్... ఇంకా చెప్పలేదండీ" అన్నారు నాన్నగారు.

అబద్ధమాడగా నేనెప్పుడూ చూడని మనిషి. నావైపు చూడలేదు. పక్కనే కరుణ, తనకి వచ్చిందన్న మాట కూడా చెప్పకుండా తలొంచుకుని నిలబడింది. సీటు రానందుకు కాదు... ఆ ఇద్దరూ నాకోసం అలా నిలబడాల్సి వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాత గడప దాటలేదు. ఎవరైనా వస్తే గాదె వెనక దాక్కునేదాన్ని. కరుణ వస్తే అమ్మ "ఇంట్లో లేదమ్మా" అనేది. మర్నాడు మళ్ళీ వచ్చేది. ఓరోజు దడి అవతల నుంచే గట్టిగా అరిచింది.

"వరం! ఉన్నావని తెలుసే. తప్పిన ఏడాది నేనూ ఇలాగే దాక్కున్నాను. బళ్ళోకెళ్తే అందరూ నన్నే చూసేరు. చూసి, ఎవరి పనికి వాళ్ళెళ్ళిపోయేరు. అంతేనే!"

బయటికొచ్చాను... చిక్కుపడ్డ జుట్టు, ఉబ్బిన మొహం. తను నవ్వలేదు. "అమలాపురం కాలేజీలో అప్లికేషన్లిస్తున్నారంట, రా" అని చెయ్యి పట్టుకుంది.

బస్సు దగ్గర నిజంగానే అందరూ చూశారు. అడిగారు కూడా. "రాలేదండీ" అని నేనే చెప్పాను. ఆ మాట నాన్నగారి చెవిన పడింది. అన్నాళ్ళూ తల దించుకుని భోంచేసి లేచిపోయే మనిషి, ఆ పూట నా మొహంలోకి చూసి "పెరుగు వేసుకోమ్మా" అన్నారు.

అమలాపురంలోనే చదివాను. ఇంటర్లో ఒకసారి తప్పాను కూడా, మళ్ళీ రాశాను. తర్వాత ఉద్యోగం, రిటైర్మెంటు... అన్నీ అయ్యాయి. అయినా ఆ రేవు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇప్పుడు మార్కులు ఫోనులోకే వచ్చేస్తున్నాయి... సీటు రాని పిల్ల గది తలుపు వేసుకుంటే, "కాసేపు వదిలేయండి" అని మనమే అడుగులో అడుగేసుకుంటూ తిరుగుతున్నాం. లేదని చెప్పినా వినకుండా, మర్నాడు మళ్ళీ వచ్చి పేరు పెట్టి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు...

మిమ్మల్ని అలా పిలిచినవాళ్ళెవరైనా ఉన్నారాండీ? ఉంటే వాళ్ళ గురించి ఇక్కడ రెండు ముక్కలు రాయండి... చదువుకుంటాను.