మా బావ గొడుగు గుర్తు

ఆ రోజుల్లో మా ఆత్మకూరు వైపు పిల్లవాడు ఏం చదవాలో, అసలు చదవాలో గొర్రెలు కాయాలో తేల్చేది తల్లిదండ్రులు కాదు, అయివోరు, అంటే బడిపంతులు. ఇప్పటి పిల్లలు తమకేం కావాలో తామే చెబుతున్నారు, పెద్దవాళ్ళు తలలూపుతున్నారు (మా ఇంట్లోనూ అంతే, నేనూ ఊపుతున్నాను). మా అక్క మొగుడు, అంటే మా బావ, ఆత్మకూరులో ఒక మేనేజిమెంటు హైస్కూల్లో చరిత్ర చెప్పేవాడు. జరిగిపోయినవాటి సంగతి ఎంత చెప్పేవాడో నాకు తెలియదు కానీ, పిల్లలకు జరగబోయేది మాత్రం విపరీతంగా చెప్పేవాడు. ఎవడికి లెక్కలు ఎక్కవో, ఎవణ్ణి ట్రైనింగుకు పంపాలో, ఎవణ్ణి నాయన అంగట్లో కూర్చోబెట్టడమే మేలో అడగడానికి కలువాయి నుంచీ, ఉదయగిరి కొండకింద పల్లెల నుంచీ జనం వచ్చేవాళ్ళు. ఆ తాకిడి తట్టుకోలేక హెడ్మాస్టరు బడి వసారాలో ఒక బెంచీ వేయించి, వచ్చినవాళ్ళందరితో మాట్లాడే పని అధికారికంగా ఆయనకే అప్పగించాడు. అప్పటినుంచి ఆయన సలహాల అయివోరు. అసలు పేరు మా అక్కకు కూడా గుర్తుండేది కాదు (ఉన్నా పలికేది కాదనుకోండి).

ఇంత మంచి ఉద్యోగం ఉన్న మనిషికి అసెంబ్లీ పిచ్చి ఎందుకు పట్టిందీ అంటే, దానికి కారణం హాస్టలు. మెట్ట పల్లెల పిల్లలు ఆత్మకూరు వచ్చి, బజారులో అంగళ్ళ అరుగుల మీద పడుకుని, మూడు రాళ్ళు పెట్టి సంగటి వండుకుని చదువుకునేవాళ్ళు. వాన వస్తే పుస్తకాలు చొక్కాలో దాచుకుని గోడకు అంటుకుపోయేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి సగంమంది ఇంటిదారి పట్టేవాళ్ళు. బావ సలహా ఇచ్చి బడికి రప్పించిన పిల్లలే వాళ్ళంతా. ఒక్కొక్కడు మూట కట్టుకుని వెళ్ళిపోతుంటే ఆయనకు అన్నం సయించేది కాదు. వాళ్ళకో హాస్టలు కావాలని కాళ్ళరిగేలా తిరిగాడు. చివరికి నెల్లూరులో ఒక ఆఫీసరు విసుక్కుని, "ఇవన్నీ అసెంబ్లీలో అడగాల్సినవి" అన్నాడట. ఇంకొకడైతే పొమ్మంటున్నాడని గ్రహించి ఇంటికి వచ్చేవాడు. మా బావ దాన్ని సలహాగా తీసుకున్నాడు. ఇంటికొచ్చి, "నేనే పోయి అడుగుతానురా" అన్నాడు.

అప్పుడు అసెంబ్లీ మద్రాసులో ఉండేది. నేను కొత్తగా ఒక శెనక్కాయల మండీలో గుమాస్తాగా చేరాను. లోకాన్ని సరిచేయడానికి మండీ చాలదని నాకూ అనిపిస్తుండేది కాబట్టి సెలవు పెట్టి బావ వెంటపడ్డాను. బడి మేనేజరు బావ రాజీనామా తీసుకుని, జవానును పిలిచి, "ఆ బెంచీ మాత్రం తియ్యబాకరా, ఆయన మళ్ళా వస్తాడు" అన్నాడు. మాకు గొడుగు గుర్తు వచ్చింది. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు బొమ్మ, నచ్చిన పెట్టెలో ఓటు చీటీ వేసి రావడమే. ఎద్దులబండి మీద నేను గొడుగు తెరిచి పట్టుకుని నిలబడితే, ఒక పల్లెలో పెద్దాయన ఆకాశం వైపు, గొడుగు వైపు చూసి, "వానే లేని ఊరికి గొడుగెందుకు నాయనా" అన్నాడు. దానికి సమాధానం నేను ఇప్పటికీ వెతుకుతున్నాను.

అయినా మమ్మల్ని ముంచింది గొడుగు కాదు, మా బావ నోరు. ఏ ఇంటి ముందు బండి ఆగినా, ఓటు అడగడానికి దిగిన మనిషికి వసారాలో పిల్లవాడు కనిపిస్తే అంతే. వాడి వయసు, వాడి చదువు, వాడు బడి మానేసిన కారణం, వాడి నాయనకు చీవాట్లు. ఒక గొర్రెల కాపరి ఇంట్లో ఒక పూటంతా వాదించాడు.

"వీడు గొర్రెల్ని లెక్కబెట్టేది చూసినావా? వీడి బుర్రకు బడి కావాలబ్బా."

"బడికి పోతే గొర్రెల్ని ఎవురు లెక్కబెట్టాల అయివోరా?"

"నువ్వు లెక్కబెట్టు. ఇన్నాళ్ళూ వాడే గదా నీకు లెక్క చెప్పింది."

చివరికి ఆ పిల్లవాణ్ణి జూన్లో బడికి పంపడానికి ఒప్పించి, మజ్జిగ తాగి, విజయగర్వంతో బండెక్కాడు. ఊరు దాటాక నేను, "బావా, ఓటు అడగలేదు నువ్వు" అన్నాను. "నువ్వు అడగలా?" అన్నాడు. నేను దిగి, గొడుగుతో సహా వెనక్కు పరుగెత్తాల్సి వచ్చింది. ఆ ఎన్నికలో మాకు డిపాజిట్టు దక్కలేదు, బావ మళ్ళా బెంచీ దగ్గరికే చేరాడు. బడికి మాత్రం ఆ ఏడు చాలామంది కొత్త పిల్లలు వచ్చి చేరారు. అరుగులు ఇంకా ఇరుకయ్యాయి.

రెండోసారి నిలబడేనాటికి అసెంబ్లీ కర్నూలుకు వచ్చింది. ఈసారి నేను కట్టుదిట్టం చేశాను. ముందు ఓటు, తరువాతే సలహా. మాట దారి తప్పితే వెనకనుంచి చొక్కా లాగడం నా బాధ్యత (ఆ ఎన్నికలో రెండు చొక్కాలు చిరిగాయి, అక్క నాతో మాట్లాడటం మానేసింది). జనం కూడా కళకళలాడుతూ ఎదురొచ్చారు. ప్రతి పల్లెలోనూ "మీకు గాక ఎవురికేస్తాం అయివోరా" అన్నారు. మేము గెలిచేశామనుకున్నాను. కర్నూలు ఎండలు ఎట్లా ఉంటాయని వాకబు కూడా చేశాను.

తీరా చూస్తే గొడుగు పెట్టెలో మొదటిసారి కంటే తక్కువ పడ్డాయి. బావ ఈసారి బడికి పోలేదు. మేనేజరు కబురు చేసినా పోలేదు. వాకిట్లో మంచం వేసుకుని పడుకుని, "నా మాట మీద ఎవరికీ నమ్మకం లేదురా. నమ్మకం లేనోళ్ళకు సలహాలేంది?" అన్నాడు. ఆయన్ని అట్లా చూడటం నాకు భరించరాని కష్టమైపోయింది. నా కోపమంతా పల్లెల మీదికి మళ్ళింది. మరునాడే ఉదయగిరి దారిలో ఒక పల్లెకు నడిచిపోయాను. ఓట్లడగడానికి పోయినప్పుడు అక్కడ ఒక అవ్వ మాకు హారతిచ్చి మరీ మాటిచ్చింది. ఆమె చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుని ఉంది. నన్ను చూడగానే మంచినీళ్ళు తెమ్మని కోడలికి కేకేసింది.

"నీళ్ళు వద్దు. ఓటు ఎవరికేసినావవ్వా?" అన్నాను.

అవ్వ ఏమాత్రం తడుముకోలేదు. "గొడుక్కి మాత్రం ఎయ్యలా నాయనా. ఊళ్ళో ఎవురూ ఎయ్యలా. కూర్చోని మాట్లాడుకోనే ఎయ్యలా."

"ఆయన మీకేం అన్యాయం చేసినాడు?"

"అన్యాయమేంది? గెలిస్తే ఆయన కర్నూలు పోతాడంట గదా. మా మనవడు ఆయన బళ్ళో నాలుగో ఫారంలో ఉండాడు. చిన్నోడు ఇంకా వెనకాల ఉండాడు. ఆయన పొయ్యినాడంటే వీళ్ళ సంగతి ఎవురు చూస్తారు? ఆ గెలిచినాయన ఈడున్నా ఒకటే, ఆడున్నా ఒకటే. పోనీ అని ఆయన్ని పంపిచ్చినాం. పిల్లోళ్ళు గట్టెక్కినాక మీ బావకు తప్పకుండా ఏస్తాంలే, చెప్పు."

నేను తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. బావ లేచి కూర్చున్నాడు. తరువాత, "ఆ పిల్లోడు లెక్కల్లో ఎట్టుండాడో అడిగినావా?" అన్నాడు. అడగలేదన్నాను. "మరి అంత దూరం ఏం పీకేదానికి పోయినావురా?" అని తిట్టి, ఉన్నవాటిలో చిరగని చొక్కా వేసుకుని బడికి పోయాడు.

మూడోసారికి అసెంబ్లీ హైదరాబాదుకు పోయింది. బావ గెలవడం లేదని అదే ఊళ్ళు మారుతోందని అక్క ఎగతాళి చేసేది. పోలింగు రోజు ఎండలో మేమిద్దరం ఉదయగిరి దారిలోని ఆ పల్లె బడి దగ్గర నిలబడి ఉంటే, అవ్వ కర్ర పట్టుకుని బయటికి వచ్చింది. నేరుగా బావ దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నీకే ఏసినాను అయివోరా. పిల్లోళ్ళిద్దరూ ఉద్యోగాల్లో ఉండారు. మా ఇంట్లో ఇంక సదివేవాళ్ళెవురూ లేరు. నువ్వింక నిమ్మళంగా పోవచ్చు."

నేను సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టాను. ఆ పల్లెలో మాకు తెలిసి పడ్డ మొదటి ఓటు అది. బావ దణ్ణం పెట్టాడు గానీ నవ్వలేదు. బండెక్కాక వెనక్కే చూస్తూ కూర్చున్నాడు. ఓటు పడ్డా ఈయనకు సంతోషం లేదేమిటని నాకు విసుగు పుట్టింది. ఆత్మకూరు దగ్గరపడ్డాక, "ఆమె ఇంక మన బెంచీ దగ్గరికి రాదురా" అన్నాడు. మనకు కావాల్సింది ఓటు గానీ ముసలమ్మ కాదు గదా బావా అని నేను జవాబు చెప్పి, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ ఎన్నికా పోయింది. హాస్టలు ఎన్నో ఏళ్ళకు వచ్చింది, ఎవరు తెచ్చారో నాకు గుర్తులేదు. ఇప్పుడు నాకు అప్పటి బావ వయసు ఎప్పుడో దాటిపోయింది. ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అడగరు, ఎక్కడికి పోతానన్నా నిమ్మళంగా పోయి రమ్మంటారు. వాళ్ళు అలా అన్నప్పుడల్లా, బండి మీద గొడుగు పట్టుకుని తిరిగి, ఆ పల్లె బడి దగ్గర చప్పట్లు కొట్టిన ఆ కుర్ర గుమాస్తాను తలుచుకుని నవ్వుకుంటాను.