ఊపిరి బిగబట్టకూడదు

నీళ్ళ మీద బతికే వాళ్ళ దగ్గరికొచ్చి, నీళ్ళలో ఎలా ఉండాలో మీకు నేర్పిస్తామంటే ఒళ్ళు మండదూ? మాకు మండింది. మాది పట్టిసీమ దగ్గర గోదావరి మీద చేపలు పట్టుకునే కుటుంబం. నాకు నడక ముందొచ్చిందో ఈత ముందొచ్చిందో మా అమ్మే చెప్పలేదు. అలాంటి మా ఇంటికి టూరిస్టు బోట్ల ఓనర్లు కబురు పంపారు. ఇకమీదట బోట్ల రెస్క్యూ టీములో సర్టిఫికెట్ ఉన్న స్కూబా డైవర్లనే పెడతారట. ఆ ట్రైనింగేదో వాళ్ళే ఇప్పిస్తారట.

"చేపపిల్లకి ఈత నేర్పుతారంటా?" అన్నాడు మా బాబాయ్. "రేపొద్దున్న కాకికి ఎగరడం కూడా నేర్పుతారు వీళ్ళు."

బాబాయ్ అంటే మా నాన్న తమ్ముడు. యాభై దాటాయి. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు ఏట్లో పడినా మొదటి ఫోను ఆయనకే వస్తుంది. పోలీసులైనా సరే, "ఏమండీ, కాస్త రావాలండి" అని ఆయన్నే పిలుస్తారు. ఆ ఫోను మోగితే చాలు, అన్నం ముందునుంచి లేచిపోతాడు. సర్టిఫికెట్ లేకపోతే ఇక ఆ ఫోను వేరే ఎవరికో వెళ్తుంది. ఆ సంగతి అర్థమయ్యాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు, "ఏమే, నువ్వూ వస్తావా?" అని నన్నడిగాడు. నేను అప్పటికి బోట్ల దగ్గర టికెట్ల కౌంటర్లో కూర్చుంటున్నాను. రోజంతా ఏటిని చూస్తూ ఏట్లో దిగకుండా చిల్లర లెక్కపెట్టే ఉద్యోగం. వస్తానన్నాను.

బాబాయ్ గురించి ఇంకొకటి చెప్పాలి. ఆయనకి నాటకాల పిచ్చి. తీర్థాల్లో, జాతర్లలో పౌరాణికాలు ఆడితే యుద్ధంలో చచ్చిపోయే రాజు వేషం ఎవరికీ ఇవ్వడు. మా వైపు పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని కేకలేస్తారు. చచ్చి పడి ఉన్నవాడైనా సరే లేచి, కిరీటం సర్దుకుని, ఆ పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే. బాబాయ్ చావుకి ఎప్పుడూ వన్స్ మోర్ ఉంటుంది. ఆ రాత్రి పిన్ని వడ్డించినా తినడు, కడుపు నిండిపోయిందంటాడు.

మొదట్లో శిక్షణ రాజమండ్రిలో ఒక స్విమ్మింగ్ పూల్లో జరిగింది. నేర్పేది విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక మాజీ నేవీ ఆయన. మేమంతా సార్ అనేవాళ్ళం. వీపుకి సిలిండరు, నడుముకి సీసం బరువుల బెల్టు, నోట్లో గాలి గొట్టం తగిలించి, ఆయన చెప్పిన మొదటి మాటకే నా బుర్ర తిరిగిపోయింది.

"నీళ్ళలో ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు."

ఇదెక్కడి విడ్డూరం! పుట్టినప్పటినుంచి నీళ్ళలో చేసిందే అది కదా. "అదేంటండీ, బిగబట్టకపోతే చస్తాం కదండీ?" అన్నాను. సార్ నవ్వి వివరంగా చెప్పారు. సిలిండరులోంచి వచ్చే గాలి లోతులో పీలిస్తే నొక్కుకుని ఉంటుంది. పైకొస్తున్న కొద్దీ ఉబ్బుతుంది. నోరు మూసుకుని పైకొస్తే ఊపిరితిత్తులు బుడగ పగిలినట్టు పగులుతాయి. అందుకని పీలుస్తూ వదులుతూ ఉండాలి. గొట్టం నోట్లోంచి ఊడిపోతే గాలి కొద్దికొద్దిగా బయటికి వదులుతూ పైకి రావాలి. విన్నాను, తలూపాను. నీళ్ళలో దిగగానే ఊపిరి దానంతటదే బిగుసుకుపోయింది. సార్ వచ్చి నెత్తి మీద తట్టారు. ఆ వారమంతా నా నెత్తి వాచిపోయింది.

బాబాయ్‌ది ఇంకా కష్టం. ఊపిరి బిగబట్టడమే ఆయన విద్య. కుర్రతనంలో రేవులో పందేలు కాసి, మునిగినవాడు మునిగినట్టే ఉండి, ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టాక పైకి తేలేవాడట. "ఈ గొట్టం గాలి నాకు రుచించట్లేదే" అనేవాడు నాతో. సార్ ముందు మాత్రం, "బాగుందండి, చాలా బాగుందండి" అనేవాడు.

ఇక రెస్క్యూ పాఠాలు మొదలయ్యాక నాకు తలా తోకా తెలియలేదు. అన్నీ తిరగేసి చెబుతారు. మునిగిపోయేవాణ్ణి చూసి దూకకూడదు, ముందు ఆగు అంటారు. ఊపిరి పీల్చు, ఆలోచించు, అప్పుడు కదులు అంటారు. వాడు నిన్ను వాటేసుకుంటే పైకి లాగకు, నువ్వే కిందికి పో, వాడే వదిలేస్తాడు అంటారు. నిజమే, వదిలేస్తాడు. కానీ అలా కిందికి పోవడానికి మనసు రావద్దూ? మా ఇళ్ళలో, ఏట్లో పడినవాణ్ణి చూసి ఆగినవాణ్ణి మనిషిగా లెక్కెయ్యరు. అటు విననా, ఇటు విననా! కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

వీటన్నిటికీ మించింది నటన. రోజుకొకరు బాధితుడి వేషం వెయ్యాలి. ఒకరోజు భయపడి కొట్టుకోవాలి, ఇంకోరోజు స్పృహ తప్పినట్టు పడి ఉండాలి, మిగతావాళ్ళు కాపాడాలి. చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నా చుడితే బాగానే ఉన్నానని. నిజంగానే ప్రాణం మీదికొస్తే మాత్రం అరచేత్తో నెత్తి మీద కొట్టుకోవాలి. అప్పుడు నటన ఆగిపోతుంది.

"నెత్తి కొట్టుకోవడం మా ఆవిడ పనండి, నాది కాదు" అన్నాడు బాబాయ్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చివరి పరీక్ష ఎండాకాలంలో, గోదావరిలోనే. వరద నీరు లేని రోజులు కాబట్టి ఏరు పలచబడి ఉంది. ఇసకతిన్నె పక్కన మూడు నిలువుల లోతున్న ఒక మడుగు చూసి, దానిమీద గుర్తుకి ఎర్ర ప్లాస్టిక్ బుంగ ఒకటి, అడుగుదాకా తాడు కట్టి తేలేశారు. నా పరీక్ష ఇదీ: అడుగున స్పృహ తప్పినట్టు పడి ఉన్న మనిషిని వెతికి పట్టుకుని, పద్ధతిగా పైకి తెచ్చి, ఒడ్డుకి చేర్చాలి. బాధితుడు మా బాబాయే. సార్‌కి సాయంగా వచ్చినాయన బాబాయ్‌ని ముందుగా అడుక్కి దింపి, కాస్త ఎడంగా తాడు పట్టుకుని ఉన్నాడు. నేను సార్ సైగ చెయ్యగానే మునిగాను.

అడుగున పచ్చటి మసక తప్ప ఏమీ కనబడలేదు. చెయ్యి చాపితే చెయ్యే పలచగా కనబడుతోంది. చిన్నప్పటినుంచి తిరిగిన ఏరే. కానీ కళ్ళకి అద్దం పెట్టుకుని చూస్తే ఎవరి ఏరో అనిపించింది. నేర్పినట్టే తాడు చుట్టూ తిరుగుతూ వెతికాను. రెండో చుట్టులో బాబాయ్ దొరికాడు.

పడుకుని లేడు. ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. నోట్లో ఉండాల్సిన గొట్టం పక్కన వేలాడుతూ బుడబుడమంటోంది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి.

ఇదేంటి? స్పృహ తప్పినవాడు మోకాళ్ళ మీద కూర్చుంటాడా? గొట్టం తీసెయ్యమని ఎవరు చెప్పారు? సీను రక్తి కట్టాలని తనే కల్పించుకున్నాడా? "బానే ఉన్నావా?" అని వేళ్ళతో సున్నా చుట్టి అడిగాను. ఆయన కూడా సున్నా చుట్టాడు. బానే ఉన్నాడట! అంటే నటనే. కానీ అదే చేత్తో వెంటనే నా మణికట్టు పట్టుకున్నాడు. అబ్బ, ఏం పట్టు అది! ఎముక నలిగింది. గొట్టం తీసి నోటికి అందిస్తే పళ్ళు బిగించాడు. మళ్ళీ సైగ చేశాను. మళ్ళీ సున్నా. నెత్తి కొట్టుకో బాబాయ్, నిజమైతే ఒక్కసారి కొట్టుకో అని లోపల అరుస్తూనే ఉన్నాను. కొట్టుకోలేదు.

ఇక ఆలోచించలేదు. ఆయన బెల్టు వదిలించి, ఒళ్ళు పట్టుకుని పైకి కదిలాను. నోరు మూసే ఉన్నాడు. ఊపిరి బిగబట్టే ఉన్నాడు, మా ఇంట్లో అందరం చిన్నప్పుడు నేర్చుకున్నట్టే. అలాగే పైకి తీసుకెళ్తే ఊపిరితిత్తులు పగిలిపోతాయి. నాకు బాబాయ్ తండ్రిలాంటివాడు. గట్టిగా మాట అని ఎరగను. అలాంటిది ఆయన పొట్టలో మోచేత్తో ఒక్క పోటు పొడిచాను. బుగ్గలు జారి, నోట్లోంచి బుడగలు గుంపుగా పోయాయి. మళ్ళీ పొడిచాను. పైకి తేలేదాకా పొడుస్తూనే ఉన్నాను.

ఒడ్డున ఇసకలో పడుకోబెట్టాక ఆయన దగ్గాడు, కక్కుకున్నాడు, కళ్ళు తెరిచాడు. చుట్టూ ఉన్న మొహాలు చూశాడు. ఆ తర్వాత నవ్వాడు.

"ఏమండీ, ఎలా ఉందండి మన యాక్టింగు? సీను పండిందా?"

చప్పట్లు. ఈలలు కూడా. ఎవడో వన్స్ మోర్ అన్నాడు. నేను మాత్రం ఇసకలో కూర్చుని వీపు మీది సిలిండరు విప్పుకున్నాను. కోపమో, ఏడుపో, సంతోషమో నాకే తెలియలేదు.

సార్ నన్ను పక్కకి పిలిచి, పాసయ్యావమ్మా అన్నారు. ఆ వెంటనే, "నిజం చెప్పు. అది నటనేనా?" అని అడిగారు.

"సైగ చేస్తే బానే ఉన్నానన్నాడండి."

"అది నేనడగలేదు. తాడు దగ్గరున్నాయనకి ఆ మసకలో ఏమీ కనబడలేదట, ఆయన్ని దగ్గరగా చూసింది నువ్వొక్కదానివే. నీకేమనిపించింది?"

"తెలీదండి" అన్నాను. నిజంగానే తెలియదు.

"నీకు తెలిసేదాకా ఆయన్ని నేను నీళ్ళలోకి పంపను. ముందు డాక్టరుకి చూపించండి" అన్నారు సార్.

ఇది చెవినపడగానే బాబాయ్ నామీద విరుచుకుపడ్డాడు. "నువ్వు పాసవ్వాలని చచ్చినట్టు నటిస్తే, నన్నే ఫెయిల్ చేయిస్తావటే? ఇంటి మనిషివి కావటే నువ్వు?" అన్నాడు. ఆ సాయంత్రమే రాజమండ్రిలో డాక్టరు చూసి, ఊపిరితిత్తులు బాగున్నాయి, ఏమీ లేదన్నారు. బాబాయ్ ఆ మాట నాతో చెప్పలేదు. నాకు వినబడేలా ఊరందరితో చెప్పాడు.

అప్పటినుంచి నాకు నిద్ర లేదు. డాక్టరే బాగుందన్నాక నా అనుమానం ఎంత? ఎన్నిసార్లు స్టేజీ మీద చచ్చాడో చూశాను కదా. అంత బాగా చావగలిగినవాడు ఆమాత్రం భయం నటించలేడా? మరి ఆ పట్టు మాటేంటి? మణికట్టు మీద నాలుగు వేళ్ళ నల్లటి కముకులు ఇంకా పోలేదు. కానీ నటుడన్నవాడు గట్టిగానే పట్టుకుంటాడేమో! ఒకరోజు పొద్దున్న నిశ్చయించుకున్నాను. అది నటనే సార్, ఆయన్ని తీసుకోండి అని ఫోన్ చేసేద్దాం. ముందు బాబాయ్‌కి ఆ మాట చెప్పి, కాళ్ళ మీద పడి, ఆయన ఎదురుగానే చేద్దామని వాళ్ళింటికి వెళ్ళాను.

గుమ్మంలోనే పిన్ని నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఒసేయ్, నీళ్ళలో ఏం జరిగిందే? మీ బాబాయ్ వచ్చిన కాణ్ణుంచి తలకి నీళ్ళు పోసుకోట్లేదు. తడిగుడ్డతో తుడుచుకుంటున్నాడు. నేను చెంబెత్తితే చెయ్యి పట్టేసుకుంటున్నాడు. ఏంటయ్యా అంటే బానే ఉన్నా అంటాడు. ఏటి మీద బతికే మనిషికి ఇదేం ఖర్మే?"

పిన్ని చెయ్యి విడిపించుకుని పెరట్లోకి వెళ్ళాను.

పంపు పక్కన బండ మీద లుంగీ కట్టుకుని కూర్చుని ఉన్నాడు బాబాయ్. ఎదురుగా బకెట్టు నిండుగా ఉంది. కాళ్ళు తడిశాయి, భుజాలు తడిశాయి. తల మాత్రం పొడిగా, ఇసక రంగు దుమ్ముతో ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఎందుకొచ్చావ్?"

"ఊరికే వచ్చాను బాబాయ్."

"నేను బానే ఉన్నాను. చెప్పుకో, మీ సార్‌కి."

ఫోను నా చేతిలోనే ఉంది. దాన్ని గోడమీద పెట్టేశాను. ఇంక ఏమడిగినా బానే ఉన్నాననే అంటాడు. అందుకని ఏమీ అడగలేదు. ధాన్యం కొలిచే కుంచం బోర్లించుకుని ఆయన వెనక కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా. ఆయనకి వినబడింది. పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

చివరికి ఆయనే బకెట్లోని చెంబు తీసి, వెనక్కి తిరక్కుండా నాకందించాడు.

"పోసేముందు చెప్పవే" అన్నాడు.

చెంబు ముంచి, పోస్తున్నా బాబాయ్ అని చెప్పి, ముందు మెడ మీద కొంచెం పోశాను.