పదిలో ఏడు వంతుల భోజనాల బల్ల

మా ముత్తాత పెదవీర్రాజుగారు పదకొండు గ్రామాలకు జమీందారు. గవర్నరు దొర జిల్లాకు వస్తే మొదటి పూలదండ ఆయన చేతుల మీదుగానే పడేది. మా తాత చినవీర్రాజుగారి కాలానికి గ్రామాలు పోయాయి గానీ దర్జా పోలేదు. ఎవరినైనా ఏదైనా అడగడం మా ఇంటా వంటా లేదు. చెప్పడమే. దారి అడగడం నామోషీ అనుకుని, కాకినాడలో పెళ్ళికి బయల్దేరిన తాతగారు మూడో రోజున అనకాపల్లిలో తేలారు. అక్కడ ఇంకెవరిదో పెళ్ళి జరుగుతుంటే ముందు వరసలో కూర్చుని, అక్షింతలు వేసి, పులిహోరలో ఉప్పు తగ్గిందని చెప్పి మరీ వచ్చారు. మా నాన్నగారు కాగితాల్లో ఏముందో అడక్కుండా సంతకాలు పెట్టారు. ఆ సంతకాల పుణ్యమా అని నేను బహ్రెయిన్ వచ్చి షవర్మా దుకాణాలకు మెనూ కార్డులు తయారుచేస్తూ బతికాను.

ఆ వంశగౌరవాన్ని ఇంత దూరం మోసుకొచ్చి, ఇక్కడి రిఫా ఊళ్ళో ఒక పెద్దమనిషి భోజనాల గదిలో ఎలా కింద పడేశానో ఇప్పుడు చెబుతాను. గౌరవంతో పాటు ఆ పెద్దమనిషి కూడా పడ్డాడు.

నేను పనిచేసే కంపెనీ ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఉండేది. కింద ప్రింటింగు, పైన ఇంటీరియర్ సెక్షను. నేను కింద. ఆరేళ్ళుగా కోడిముక్కలకు మెరుపు అద్దుతూ, ఉల్లిపాయ చక్రాలకు నీడలు వేస్తూ, పై అంతస్తు వాళ్ళు టేపులు పట్టుకుని మెట్లు దిగుతుంటే చూసి లోపల్లోపల ఉడికిపోయేవాణ్ణి. గదికి నాలుగు గోడలు, పోస్టరుకు నాలుగు అంచులు. రెంటికీ తేడా ఏముంది? పోస్టరులో మనిషి నడవలేడు, అంతే కదా. ఇలా ఆలోచించేవాడికి గది అప్పగించడం, ఈత పుస్తకం చదివినవాణ్ణి సముద్రంలోకి తోయడం ఒకటే. కానీ మా యజమాని మూర్తిగారిది రాజమండ్రి. జాలిగుండె మనిషి.

"ఒక్క ఛాన్సిస్తానయ్యా రాజూ," అన్నారు. "రిఫాలో అబూ యూసుఫ్‌గారని, అవాలీలో ఆయిల్ కంపెనీలో చేసి రిటైరయ్యారు. భోజనాల బల్ల, పన్నెండు కుర్చీలు కావాలిట. ఇది నిలబడిందా, పై సెక్షన్లో సీటు నీది. లేదంటే మళ్ళీ షవర్మాయే. ఆ తర్వాత నన్నడక్కు."

నేను అడిగే రకమా?

రెండు వారాలు కూర్చుని బొమ్మ గీశాను. అద్భుతం అనే మాట నాకు నేనే వాడుకున్నాను. ఒకటే లోపం. కొలతల అంకెలు. ఎక్కడ చూసినా నలభై అయిదు, డెబ్బై అయిదు అంటూ తెల్లటి పేజీ నిండా చీమలు పాకినట్టున్నాయి. పేజీకి ఊపిరాడాలన్నది మా విద్యలో మొదటి పాఠం. చీమలన్నిటినీ తుడిచేసి, మూలన మాత్రం ముచ్చటైన అక్షరాలతో 'స్కేలు ఒకటికి పది' అని రాశాను. అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు, కర్రలో పది.

మూర్తిగారు కంప్యూటర్లో చూశారు. "బొమ్మ బావుంది. అంకెలేవయ్యా?"

"అంకెలు పెడితే డిజైన్ చచ్చిపోతుందండి."

"పెట్టకపోతే మనం చస్తాం. పోనీ, వెళ్ళి గంగారాంతో ఒక పూట కూర్చో."

"అలాగేనండి," అన్నాను. కూర్చోలేదు. పెదవీర్రాజుగారి మునిమనవడు వెళ్ళి వడ్రంగి పక్కన కూర్చోవడమా?

తర్వాత బొమ్మను ప్రింటు తీశాను. అది పెద్ద షీటు కోసం గీసింది. మా కింది అంతస్తు యంత్రంలో ఉన్నది అందులో సగం కాగితం. ఏముంది, మెనూ కార్డులకు చేసినట్టే 'ఫిట్ టు పేజ్' గడిలో టిక్కు పెట్టాను. బొమ్మ పొడవూ వెడల్పూ పదిలో ఏడు వంతులకు తగ్గి, బుద్ధిగా ఒదిగి కాగితంలో ఇమిడిపోయింది. షవర్మాను పదిలో ఏడు వంతులకు కుదిస్తే ఎవరి కడుపూ మాడదు. కుర్చీని కుదిస్తే ఏమవుతుందో ఆ క్షణంలో నాకు తట్టలేదు. మూలన నా ముచ్చటైన అక్షరాలు మాత్రం అదే స్కేలని అబద్ధమాడుతూనే ఉన్నాయి.

ఆ కాగితం వర్క్‌షాపుకు వెళ్ళిన మూడో రోజు అక్కడి నుంచి గంగారాం ఫోన్ చేశాడు. జగిత్యాల మనిషి. పాతికేళ్ళుగా ఇక్కడ చెక్క కోస్తున్నవాడు.

"సారు, కాయిదం మీద కొలతలు లెవ్వు."

"స్కేలు రాశాను కదా. పెట్టి కొలుచుకో."

"కొలిసిన సారు. కుర్చీ జర పొట్టిగొస్తుంది. ఒక్కపారి అచ్చి సూసిపోతరా?"

"గంగారాం, డిజైనర్ నువ్వా, నేనా?"

"మీరే సారు."

"అయితే కాగితం మీద ఉన్నట్టు చెయ్యి."

"సిన్నపోరగాండ్లకా సారు?"

"పెద్దమనుషులకు."

"మంచిది సారు. మీరెట్లంటే అట్లనే."

మీరెట్లంటే అట్లనే. ఈ మాట వినడానికే మా వాళ్ళు మూడు తరాలుగా ఆస్తులు కరగబెట్టారు. నాకూ చెవుల్లో తేనె పోసినట్టే ఉంది. ఫోన్ పెట్టేసి టీ తెప్పించుకున్నాను.

శుక్రవారం పొద్దున సామాను రిఫా చేరింది. మధ్యాహ్నం భోజనానికి అబూ యూసుఫ్ అన్నదమ్ములు, కొడుకులు వస్తున్నారు. గంగారాం, అతని మనుషులు బల్లను గది మధ్య పెట్టి, చుట్టూ కుర్చీలు సర్దారు. పనితనం అద్దంలా ఉంది. బల్ల మాత్రం నా మోకాలికి కాస్త పైన ఆగిపోయింది. నేను వంగి చూశాను. గంగారాం కిటికీలోంచి ఖర్జూరపు చెట్టును చూస్తున్నాడు.

అబూ యూసుఫ్ లోపలికి వచ్చాడు. ఆరడుగుల పైన మనిషి, ద్వారం నిండిపోయింది. ఇక్కడి పాతకాలం పెద్దల్లాగే హిందీ ధారాళంగా మాట్లాడతాడు. బల్లను చూశాడు. నన్ను చూశాడు.

"మిగతాది వెనకాల బండిలో వస్తోందా?"

"ఇదే మొత్తం," అన్నాను. "లో సీటింగ్. ఇప్పుడిదే ఫ్యాషన్. జపాన్‌లో అందరూ ఇలాగే."

"జపాన్‌లో ముసలివాళ్ళకు మోకాళ్ళు నొప్పెట్టవా?"

అంటూనే మర్యాదస్థుడు కనుక కూర్చున్నాడు. ఒంటె కూర్చున్నట్టు అంచెలంచెలుగా దిగాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. లేవబోయాడు. కుర్చీ కూడా ఆయనతోనే లేచింది. గంగారాం కుర్చీ పట్టుకు లాగాడు, నేను చేతులు పట్టుకు లాగాను, అబూ యూసుఫ్ పక్కకు ఒరిగి తివాచీ మీద పడ్డాడు.

పడి, అక్కడే కూర్చుని, చాలా శాంతంగా అన్నాడు. "చూడు బాబూ. మా నాన్న, మా తాత, అందరం నేల మీదే తిన్నాం. నాకు మోకాళ్ళు అరిగి నేల మీద కూర్చోలేకే నిన్ను పిలిచాను. నువ్వు ఆ నేలకే పాలిష్ కొట్టి తీసుకొచ్చావు. ఖలాస్. తీసుకుపో."

అప్పుడే మూర్తిగారు దిగారు. "ఇదేంటయ్యా, బొమ్మల పెళ్ళికి తెచ్చావా?" అని టేపు తీసి కొలిచారు. నలభై అయిదు ఉండాల్సిన కుర్చీ ముప్ఫై రెండు దగ్గర ఆగింది. నా కాగితాన్ని వెలుగుకు ఎత్తి చూసి, కళ్ళు మూసుకున్నారు. ఆరేళ్ళు మెనూ కార్డులు చూసిన మనిషికి ఆ గడిలో టిక్కు సంగతి ఒకరు చెప్పాలా?

"గంగారాం, పొట్టిగున్నాయని నీకైనా తెలీలేదా?"

"తెల్సింది సారు. అడిగిన. ఇంకోపారి గూడ అడిగిన. సారు పెద్దమనుషులకే అన్నడు."

గంగారాం అదే మాట హిందీలోనూ చెబితే, అబూ యూసుఫ్ నవ్వుకు గోడలు కదిలాయి. మూర్తిగారు నవ్వలేదు. "రేపట్నించి కిందకి పో రాజూ," అన్నారు.

పోయాను. మరో ఏడాదిన్నర షవర్మా మెరిపించాను. శుక్రవారాల్లో మాత్రం గంగారాం వర్క్‌షాపుకు వెళ్ళి, అతను చూపించిన పీట మీద కూర్చుని, టేపు పట్టుకోవడం నేర్చుకున్నాను. "గా అంకె సదువుండ్రి సారు" అంటే చదివేవాణ్ణి. తప్పు చదివితే అతని మనుషులంతా పని ఆపి మరీ నవ్వేవారు. చివరికి మూర్తిగారే పైకి పిలిచారు. ఇప్పుడు పై అంతస్తులో నాకొక కుర్చీ ఉంది. నలభై అయిదు సెంటీమీటర్లు. నేనే కొలిచాను.

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. కంఠంలో ప్రాణం ఉండగా అంకె లేని కాగితాన్ని వడ్రంగి చేతికివ్వను. ఆ గడిలో టిక్కు పెట్టను. ఎదుటివాడు రెండోసారి అడిగితే, చెప్పడం మానేసి లేచి వెళ్ళి చూస్తాను.

ఆ బల్లనూ, పన్నెండు కుర్చీలనూ మూర్తిగారు అదే నెలలో ఒక నర్సరీ బడికి అమ్మేశారు.