బర్రె వంచిన ముక్కు, పెద్దలు పెట్టిన వంక

2023 వానాకాలం. జనగామలో ఒక ప్రైవేటు ఈఎన్‌టీ ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. ఆపరేషన్‌కు ముందు రోగులకు విషయం విడమరిచి చెప్పే కౌన్సెలింగ్ కూడా నా పనే. ప్రభువును నమ్ముకున్న ఇంట్లో పుట్టాను, సండే స్కూల్లో వాక్యం కంఠతా పట్టాను. ఈ కేసు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండేది అందుకే. ఆ అమ్మాయిని అవమానించింది బయటివాళ్లు కాదు, మా చర్చి సంఘమే.

స్వరూపది పాలకుర్తి దగ్గర పల్లె. ఇరవై ఆరేళ్లు. పదహారేళ్లప్పుడు పాలు పిండుతుంటే బర్రె తల విసిరింది, ముక్కు ఎముక విరిగింది. ఊళ్లో ఎవరో నూనె రాసి, నొక్కి కట్టు కట్టారు. వంకరగానే అతుక్కుంది. అప్పటినుంచీ నోటితోనే ఊపిరి. పత్తి ఏరేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకుంటే ఊపిరాడక గట్టు మీద కూలబడేది.

ముక్కు రంధ్రాల మధ్య గోడను సెప్టం అంటారు. అదొక్కటే వంగితే సెప్టోప్లాస్టీ చేస్తారు, బయటి ఆకారం మారదు. బయటి ఎముకను సరిచేసేది రైనోప్లాస్టీ. ఇంజక్షన్‌తో సొట్ట పూడ్చే ఫిల్లర్లూ ఉన్నాయి కానీ, వాటివల్ల ఊపిరి ఇబ్బంది తీరదు. స్వరూపకు లోపలా బయటా రెండూ వంగాయి.

"వంగిన గుడిసెకు నడిమి గుంజ ఒక్కటి నిలవెడితే ఎన్నొద్దులుంటది? గోడలు మల్ల గుంజుతయి," అన్నారు మా డాక్టరు. అందుకే రెండూ ఒకేసారి చేసే సెప్టోరైనోప్లాస్టీ రాశారు.

మా సంఘాల్లో ఆపరేషన్‌కు ముందు పెద్దలు మంచం దగ్గరికి వచ్చి, నుదుట నూనె రాసి ప్రార్థన చేస్తారు. అది లేకుండా థియేటర్‌లోకి రానంది స్వరూప. ఆమెదీ నాదీ ఒకే సంఘం. ఆ పొద్దున సంఘ పెద్ద దానియేలన్న నూనె సీసాతో వచ్చాడు. నేను ఆపేలోపే కేస్ షీట్ తీసి, అందులోని ఆపరేషన్ పేరును ఫోన్లో కొట్టి చూశాడు. సినిమావాళ్ల ముక్కులు, ఆపరేషన్‌కు ముందొకటి తర్వాతొకటి, వరసగా కనబడ్డాయి. సీసా జేబులో పెట్టుకున్నాడు.

"గిది సోకుల ఆపరేషన్ గదా బిడ్డా? దేవుడిచ్చిన మొఖానికి వంక వెడ్తవా? లోపట బాగు చేయించుకో, ప్రార్థన చేస్త. బయట ఎట్లున్నదో అట్లనే ఉండనీ."

"దేవుడిచ్చిన ముక్కు సక్కగనే ఉండెనన్నా," అన్నాను. "వంచింది బర్రె."

"నర్సు లెక్క మాట్లాడకు. విశ్వాసి లెక్క మాట్లాడు."

"విశ్వాసి లెక్కనే అడుగుతున్న. మరి నీ మీసానికి ఆ రంగేంది?"

పక్క మంచం అవ్వ కిసుక్కున నవ్వింది. "పండ్లు గూడ కట్టిచ్చినయే ఉన్నట్టున్నయి," అంది.

"పండ్లు తినెతందుకు!" అని కసిరాడు దానియేలన్న.

థియేటర్ నుంచి రెండోసారి పిలుపొచ్చింది. ఆ పూట దాటితే డాక్టరు మళ్లీ రెండు వారాలకుగానీ రారు. స్వరూప అప్పటికే ఇంటికి పోదామని చీర వెతుక్కుంటోంది. నాకు కంగారు పుట్టింది. గొంతు తగ్గించి, "అన్నా, ఆమెకు అందం ముచ్చటే లేదు. ఇది ఒట్టి ఊపిరి కోసం," అన్నాను.

ఆయన మెత్తబడి సీసా బయటికి తీశాడు. అప్పుడు స్వరూప చీర పక్కన పడేసింది.

"అబద్దమెందుకక్కా? నాకు సక్కటి ముక్కు గూడ గావాలె. పదేండ్ల సంది ఫోటోలల్ల ఒక్క దిక్కే తిరిగి నిలవడ్డ. చర్చిల పాట పాడ లేస్తే వంకర ముక్కని నవ్వుతుంటే, ఈ పెద్దమనుషులు ఒక్కనాడన్న గద్దించిన్రా? ఊపిరీ అడిగిన, ముక్కూ అడిగిన. దేవుడు కాదనలే. కాదననీకి నువ్వెవరన్నా?"

"ఈ పాపం నాకొద్దు," అని దానియేలన్న వెళ్లిపోయాడు. స్వరూప కళ్లు మూసుకుంది. "ప్రభువా, నేను లోపటికి పోతున్న. నువ్వు గూడ రా." అంతే ప్రార్థన. "పా అక్కా," అంది.

వారం తర్వాత ముక్కు మీది పట్టీ తీశాం. ఆమె నోరు మూసుకుని, నిండుగా ఊపిరి పీల్చి, అద్దం అడిగింది. ఆ ఆదివారమే మా సంఘంలో ప్రార్థన విన్నపాల జాబితాలో 'లోకాశలో పడిన సహోదరి' అని ఆమె పేరు చదివారు. నేను లేచి నిలబడి, ఆ పేరు కొట్టేసేదాకా కూర్చోలేదు. నమ్ముకుని నుదురు చూపిన మనిషికి షరతులు పెట్టే హక్కు మాకెవరిచ్చారు?

కోపం నా మీదా ఉంది. కాపాడుతున్నాననుకుని నేనూ ఆమె కోరికను సిగ్గుపడాల్సిన దానిలా దాచాను. ఇప్పుడు కౌన్సెలింగ్‌లో ఊపిరి గురించి ఏ గొంతుతో అడుగుతానో, ఆకారం గురించీ అదే గొంతుతో అడుగుతాను. ఆ ప్రశ్నకు చాలామంది తల దించుకుంటారు. పెన్ను పక్కన పెట్టి, వాళ్లు తల ఎత్తేదాకా ఆగుతాను.