మా నాన్న విన్న శిఖం

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో పొద్దు వాలితే నక్కలు కూసేవంటే మా మనవరాలు చేతిలో ఫోన్ పక్కన పెట్టి మరీ నవ్వింది. కోచింగ్ సెంటర్ల బోర్డులూ మెట్రో స్తంభాలూ తప్ప అక్కడ మరొకటి చూడని పిల్ల, నవ్వక ఏం చేస్తుంది? అప్పట్లో ఊరు బేగంపేట వైపు దిగేచోట, సాగర్ చెరువులోకి పోయే ఒక వాగు ఉండేది. ఇప్పుడు దాన్ని నాలా అంటున్నారు, ముక్కు మూసుకుని దాటుతున్నారు. అప్పుడు అది వాగే. ఎండాకాలంలో నేను ఒక్క గెంతులో దాటేసేంత సన్నగా పారేది. దానికి అటూ ఇటూ చదునైన నేల, ఒక్క ఇల్లయినా లేకుండా, ఎందుకో ఖాళీగా పడి ఉండేది.

మాది కృష్ణ పక్కన డెల్టా పల్లెటూరు. నాన్నకి ఇక్కడ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వస్తే, నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమీర్‌పేటలో రెండు గదులు అద్దెకి తీసుకుని దిగాం. నాన్నకి హైదరాబాద్‌లో అన్నీ నచ్చాయి, నేల తప్ప. ఎక్కడ గునపం వేసినా ఠంగుమని రాయి తగిలేది. అమ్మ పెరట్లో పెట్టిన బచ్చలి తీగ జానెడు పాకి, ఇక నావల్ల కాదన్నట్టు ఎండిపోయింది. అలాంటిది ఒక ఆదివారం నాన్న వాగు పక్కకి షికారు వెళ్ళి, పిడికెడు నల్లమట్టి రుమాలులో మూటగట్టి తెచ్చాడు. మెత్తగా, చల్లగా, అచ్చం మా ఊరి మట్టి. అమ్మ దాన్ని పారబోయకుండా తులసి కుండీలో పోసుకుంది. ఇంకేముంది, నాన్న మనసు ఆ నేల మీద పడింది. అందులో కొంత అమ్మకానికి ఉందని, యజమాని కొడుకే అంతా చూసుకుంటున్నాడని ఒక దళారీ చెప్పాడు. బేరమంతా ఆ దళారీతోనే నడిచింది, యజమాని ఎవరో మేము చూడనే లేదు. అద్దె ఇంట్లో మేకు కొట్టాలన్నా అడగాల్సి వచ్చే మాకు సొంత ఇల్లు అంటే పండగ కాదూ.

మా పక్కింట్లో ఒక తాత ఉండేవాడు. ఒకప్పుడు వ్యవసాయం చేసిన మనిషి. మోకాళ్ళ దాకా పంచె, తలకి రుమాలు, ఎప్పుడూ చేతిలో ఒక కర్ర. ఆయన కొడుకు పంజాగుట్టలో ఉంటూ అప్పుడప్పుడూ వచ్చిపోయేవాడు. నాన్న గోడ మీంచి తాతకి తన సంబరం చెప్పుకున్నాడు, ఫలానా చోట జాగా తీసుకుంటున్నామని. తాత "గది శికం జాగ, సారూ" అన్నాడు.

నాన్న గాల్లో తేలుతూ ఇంట్లోకి వచ్చాడు. ఆయనకి తెలుగన్నా సంస్కృతమన్నా ప్రాణం. శిఖ అంటే తల మీద ఉండేది, శిఖరం అంటే కొండ కొన, కాబట్టి ఇక్కడివాళ్ళు ఎత్తుగా ఉన్న మేలురకం నేలని శిఖం అంటారన్నమాట అని అమ్మకి పాఠం చెప్పాడు. వాగు పక్కన ఎత్తేంటండీ అని అమ్మ అడగనే అడిగింది. నీకు వ్యాకరణం తెలియదులే అన్నాడు నాన్న. తాత ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అదే మాట చెప్పాడు. చెప్పినప్పుడల్లా నాన్న ఇంకాస్త మురిసిపోయి, మీ నోటి చలవండీ అని దండం పెట్టాడు. శికం అని చెబితే సంబరపడే మనిషిని ఆ తాత తన జన్మలో చూసి ఉండడు.

మర్నాడు కాగితాల మీద సంతకం అనగా, ఆ ఆదివారం పొద్దున్నే నాన్న నన్ను వెంటబెట్టుకుని ఆ నేలకి బయల్దేరాడు. చేతిలో మేకులు, పురికొస, తను గీసుకున్న ఇంటి పటం. ఎండలు ముదిరిన రోజులు. నేల పలకలు పలకలుగా నెర్రెలిచ్చి ఉంది. తాత కూడా కర్ర పట్టుకుని, రమ్మని ఎవరూ పిలవకుండానే మా వెనకాల వచ్చాడు. వచ్చి ఒక పక్కన గొంతుక్కూర్చున్నాడు.

నాన్న మేకులు కొట్టి పురికొస లాగి, ఇది వంటిల్లు, ఇది వసారా అని నాకు చూపిస్తున్నాడు. నా కళ్ళు మాత్రం తుమ్మచెట్ల మీద ఉన్నాయి. ప్రతి చెట్టు కొమ్మల్లోనూ ఒక గూడు. ఒకదాంట్లో అయితే రెండు. నేను ఒక చెట్టు కిందికి పరిగెత్తి, నా గది ఇక్కడే, నా మంచం ఇక్కడే, పొద్దున లేవగానే పిట్టపిల్లలు కనిపిస్తాయి అని చెప్పి, ఆ నెర్రెల మీదే వెల్లకిలా పడుకుని చూపించాను.

అప్పుడు లేచాడు తాత. గూట్లో పిల్లలున్నాయో లేదో చూడరాదా బిడ్డా అన్నాడు నాతో. నన్ను భుజాల మీద ఎక్కించుకోమని నాన్నతో చెప్పాడు. నాన్న నవ్వుతూనే ఎక్కించుకున్నాడు. నేను మెల్లగా గూట్లో చెయ్యి పెట్టాను. గుడ్డు తగల్లేదు. ఎండిన జమ్ము ఆకులు, రెల్లు పరకలు, నత్తగుల్లలు, ఒక ఎండ్రకాయ కొండి, వీటన్నిటినీ అతికించిన గట్టి బురద. ఇంకాస్త లోపల వేళ్ళకి ఏదో గరుకుగా తగిలితే లాగాను. చేప. నా వేలంత చేప, పళ్ళు బయటపెట్టి, కళ్ళు గుంటలు పడి, ఎండి చెక్కయిపోయింది. నేను పెట్టిన కేకకి నాన్న తూలి, ఇద్దరం కింద పడినంత పని అయింది. చెట్టు మీద చేప! ఇప్పటికీ ఆ గరుకుదనం నా వేళ్ళకి తెలుస్తుంది.

కొంగ తెచ్చి పడేసి ఉంటుందిలే అన్నాడు నాన్న. తాత కర్రతో ఒక చెట్టు చూపించాడు. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి.

"అన్ని గూళ్ళు ఒక్క ఎత్తుల ఎట్ల కట్టినయి సారూ? పిట్టలు తాడు పట్టి కొలిసినయా?"

నేనూ చూశాను. నిజమే. చెట్టు పొట్టిదైనా పొడుగుదైనా గూళ్ళన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. అన్నీ సాగర్ వైపుకే ఒరిగి ఉన్నాయి.

"గవి గూళ్ళు గావు. పోయినేడు వాగొచ్చి పోంగ ఇడిసిపెట్టిన చెత్త. గంత ఎత్తున నిలవడ్డయి నీళ్ళు."

నాన్న చెట్టు చెట్టూ తిరిగి చూసి వచ్చాడు. తర్వాత, మరి శిఖం అన్నారు కదండీ అని చిన్నపిల్లాడిలా అడిగాడు. శికం అంటే ఉర్దూలో కడుపు అని చెప్పాడు తాత. ఇది నీళ్ళ కడుపు. వానాకాలం సాగర్ నిండి వాగు వెనక్కి ఎగదన్నితే నీళ్ళు నిలిచేది ఇక్కడే. నాన్న వెళ్ళి చెట్టు మానుకి వీపు ఆనించి నిలబడ్డాడు, బళ్ళో పిల్లల పొడవు కొలిచినట్టు. అరచెయ్యి నెత్తిన పెట్టుకుని వెనక్కి తిరిగి చూసుకున్నాడు. చెత్త ఆ చేతికి మూరెడు పైన ఉంది. అప్పుడు ఆయన చూపు నేను పడుకుని చూపించిన చోటు మీదికి దిగింది. మా నాన్న ముఖంలో నెత్తురు లేకుండా పోవడం నేను మొదటిసారి చూసింది ఆ రోజే. అలాగే నేల మీద కూర్చుండిపోయాడు, చేతిలో పురికొస ఉండతోనే.

తిరిగి వచ్చేటప్పుడు తాత మమ్మల్ని తిన్నగా ఇంటికి తీసుకురాలేదు, వాగు అంచు దాకా నడిపించాడు. మేము వాగంటే ఆ సన్నటి నీటిచార ఒక్కటే అనుకున్నాం. ఎండాకాలం అది ముడుచుకు పడుకుంటుందట, వానాకాలం కాళ్ళు చాపుకుంటుందట. ఈ చదునంతా అది కాళ్ళు చాపే చోటు. నీళ్ళ అంచున జమ్ము, దాని వెనక తుంగ, ఆ పైన రెల్లు, ఇంకా పైన తుమ్మ. ఎక్కడ ఎన్నాళ్ళు నీళ్ళు నిలుస్తాయో ఆ మొక్కలకి తెలుసని, వాటిని అడగకుండా ఇక్కడ ఎవరూ గుడిసె కూడా వెయ్యరని చెప్పాడు. కర్రతో మట్టి పెళ్ళగించి ఒక తుంగగడ్డ తీసి వాసన చూడమన్నాడు. చచ్చినట్టు నల్లగా ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘుమఘుమలాడింది. తొలివానకే లేస్తుందట అది.

వరద అంటే మునగడమనే నాకు తెలుసు. ఆయన మాటల్లో అది వేరేలా వినిపించింది. కొత్తనీరు రాగానే చేపలు ఎదురెక్కి ఈ గడ్డిలోకి వచ్చి గుడ్లు పెడతాయి. గడ్డి చాటున పిల్లలు పెరిగి, నీళ్ళతో పాటు తిరిగి వాగులోకి దిగిపోతాయి. వరద రాని ఏడు చేపకి పురుడు లేదన్నాడు. పెద్ద కప్పలు పసుపు పూసుకున్నట్టు రంగు తిరిగి, రాత్రంతా అరుస్తాయి. వాటికోసం నీటిపాములు, కొంగలు. నీళ్ళు తీశాక బొరియల్లో ఎండ్రకాయలు, వాటికోసం మా నక్కలు. అన్నీ అయ్యాక ఆ ఒండ్రు మీద తాత దోసపాదులు పెట్టేవాడట. నాన్న రుమాలులో కట్టి తెచ్చిన మట్టి ఆ వరద పోసిపోయిందే. నేను డెల్టావాణ్ణి, నాకు తెలియాలి కదండీ అని నాన్న తనని తానే తిట్టుకున్నాడు. కరకట్ట చాటున పుట్టి పెరిగాను, నది ఇల్లు దాటి రావడం నా కళ్ళతో చూడలేదు అన్నాడు.

అసలు దెబ్బ సాయంత్రం తగిలింది. మేము భోజనాలకి కూర్చోబోతుంటే గోడ అవతల తాత కొడుకు గొంతు. మధ్యాహ్నం నాన్న వెళ్ళి వద్దని చెప్పొచ్చిన సంగతి దళారీ చేరవేసినట్టున్నాడు.

"మన జాగను మనమే చెడగొట్టుకుంటమా నాయినా?"

అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నాన్న అమ్మ ముఖం చూశాడు. అది తాత భూమి. మేము కొనబోయింది, ఆయన వెనకాలే నడిచొచ్చి మమ్మల్ని కొననివ్వకుండా చేసింది, తన సొంత భూమి. ఆ అమ్మకం అయితే పంజాగుట్టలో సైకిల్ టాక్సీ పెట్టుకుని, అద్దెకి సైకిళ్ళు తిప్పుకుని బతుకుదామని కొడుకు ఎన్నాళ్ళనుంచో చూస్తున్నాడట. నువ్వు శికం అని మూడుసార్లు చెప్పనే చెబితివి, ఆ సారుకి తెలివి లేకపోతే నీదేం తప్పు అని కొడుకు అడుగుతున్నాడు. తాత గొంతు మాకు వినపడలేదు. నాన్న కంచం ముందు నుంచి లేచి గోడ దాకా వెళ్ళాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

మర్నాడు బడికి పోతూ అరుగు మీద ఉన్న తాతని నేనే అడిగాను, ఆ జాగా నీదేనా అని. నాదే బిడ్డా అన్నాడు. మరి మాకెందుకు చెప్పావు అన్నాను.

"మూడుమాట్ల చెప్పిన, ఇగ నా పని అయిపాయె అనుకున్న. నువ్వు గాడ పండుకొని సూపెడితివి గదా. గది సూసినంక నోరు మూస్కుంటే నాకు బువ్వెట్ల దిగుతది?"

ఆ కొడుకు తండ్రితో చాలాకాలం మాట్లాడలేదు. సైకిల్ టాక్సీ పెట్టనే లేదు, ఎవరి దుకాణంలోనో పంక్చర్లు వేస్తూ ఉండిపోయాడు. నాన్న ఎన్నో ఏళ్ళ తర్వాత పంజాగుట్ట ఎత్తులో బండ మీదే ఇల్లు కట్టాడు. కరివేపాకు మొక్కయినా బతకదని అమ్మ చివరిదాకా సణుగుతూనే ఉంది. తాత పోయాక ఆ శికం ముక్కలు ముక్కలుగా అమ్ముడైంది. తుమ్మచెట్లు కొట్టేశారు, రెల్లు పోయింది, వాగుకి రెండు పక్కలా గోడలు లేచాయి. నా పెళ్ళయ్యాక మా ఆయన అమీర్‌పేటలోనే కింది అంతస్తులో ఫ్లాట్ కొన్నారు. నాకు అనుమానమే రాలేదు. చూసి అడగడానికి ఒక్క మొక్క లేదక్కడ, అంతా సిమెంటు. రెండో వానాకాలం నీళ్ళు మంచం కోళ్ళ దాకా వచ్చినప్పుడు అర్థమైంది, ఎక్కడున్నామో. ఆ తర్వాత కూడా రెండుసార్లు వచ్చాయి.

ఈమధ్య మా అబ్బాయి ఆ ఫ్లాట్ అమ్మకానికి పెట్టాడు. అందరం కలిసి ఉండేలా పెద్దది కొందామని వాడి ఆశ. పాపం, తప్పేం లేదు. కిందటి నెల ఒక చిన్న జంట చూడటానికి వచ్చారు. ఆ అమ్మాయి గదులన్నీ తిరిగి, నీళ్ళ ప్రాబ్లమ్ ఏమైనా ఉందా ఆంటీ అని అడిగింది. లేదమ్మా, కొళాయిలో మంజీరా నీళ్ళూ వస్తాయి, బోరూ ఉంది అన్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఆ అమ్మాయి తల ఊపింది. మా అబ్బాయి నా వైపు చూసి, భలే చెప్పావమ్మా అన్నట్టు నవ్వాడు.

ఆ నవ్వు చూశాక తెలిసింది, నేనేం చేశానో. ఒక మాటని రెండు అర్థాల మధ్య నిలబెట్టి, అవతలివాళ్ళు తప్పుగా వింటుంటే చూస్తూ ఊరుకున్నది నేను. శికం కథ ఇంటిల్లిపాదికీ వందసార్లు చెప్పిన నేను. వాళ్ళు అప్పటికే గేటు దాకా వెళ్ళిపోయారు. చెప్పులు వేసుకోకుండా వెనకాలే వెళ్ళి, నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో, ఎన్నిసార్లు వచ్చాయో, గోడ మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆ అమ్మాయి నా చెయ్యి ఆగిన చోటే చూస్తూ ఉండిపోయింది.

మా అబ్బాయి నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు. ఎవరైనా చూడటానికి వస్తున్నారంటే చాలు, కాసేపు గుడికి వెళ్ళి రామ్మా అంటున్నాడు. నేను వెళ్ళడం లేదు.