మబ్బుల దగ్గర ఆగిన విమానం

నస్పూర్‌లో మా ఇంటి కంప్యూటర్లో విమానం ఆట ఆగి ఆగి కదులుతోందని, ఈ రోజు సెట్టింగుల్లోకి వెళ్లి చెట్లు, ఇళ్లు, చివరికి మబ్బులు కూడా తీసేశాను. విమానం రివ్వున పోయింది. పొద్దంతా బొగ్గుబాయిలో పనిచేసి వచ్చిన బాపును పిలిచి గర్వంగా చూపించాను.

"చెట్టు లేదు, మబ్బు లేదు. గిది చూసేటందుకు విమానమెందుకురా? నాతోని బాయిల దిగు, గిట్లనే ఉంటది" అన్నాడు.

ఉడుక్కుని మబ్బులన్నీ మళ్లీ పెట్టాను. విమానం గాల్లోనే ఆగిపోయింది.

"చూసినవా బాపూ, మబ్బులుంటే కదలదు!"

"కదలకపోతే ఏమాయె? జర చూడనియ్యి" అంటూ నా కుర్చీ లాక్కున్నాడు.

గంటయింది. విమానమూ కదల్లేదు, బాపూ కదల్లేదు. ఈ ప్రయాణికుణ్ణి దింపే సెట్టింగు ఎక్కడుందో తెలిసినవారు చెప్పండి.