పోగు తెగితే ఆగే పాట

నిన్న మా మనవరాలు ఫోన్‌లో ఏదో కొత్త సినిమా పాట పెట్టుకుని ఎగురుతోంది. పల్లవి చెవిన పడగానే నా చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. అది మా అవ్వ పాట, నన్ను కన్నతల్లి పాట! పాతదానికే డ్రమ్ములు తగిలించి మళ్లీ వదిలారట. ఇప్పుడు ఎక్కడ చూసినా అదేనట.

హుజూరాబాద్‌లో మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, డేరా టాకీసులో ఆట మొదలయ్యేదాకా మైకులో పాటలు వేసేవాళ్లు. అవ్వ ఆ పాట ఉన్న సినిమా చూడనే లేదు. లోపల బాపు మగ్గం నేస్తుంటే, అరుగు మీద రాట్నం తిప్పి నూలు కండెలు చుడుతూ మైకులో విని నేర్చుకుంది. రాట్నం ఎంత మెల్లగా తిరిగితే పాట అంత మెల్లగా సాగేది. పోగు తెగితే పాట కూడా ఆగేది.

"ఆగినవేందే అవ్వా?" అనేదాన్ని.

"పోగు తెగింది బిడ్డా. జర ఆగు, అతికినంక పాడుత."

ముడి వేసి, సరిగ్గా విడిచిన మాట దగ్గరే అందుకునేది.

ఒక ఎండాకాలం పోగు తెగకుండానే పాట ఆగడం మొదలైంది. దగ్గు. ఒకరోజు చరణం మధ్యలో ఆగితే, బాపు బండి కట్టించి దవాఖానకు తీసుకుపోయాడు.

"ఏడ్వకు బిడ్డా, వచ్చినంక మిగిలింది పాడుత," అంది బండెక్కుతూ.

రాలేదు. ఆమె సగం చుట్టిన కండెను బాపు ఎన్నడూ నేతకు వాడలేదు.

కొత్త పాటలో ఒకచోట సంగీతమంతా ఠక్కున ఆగిపోతుంది. మనవరాలికి అక్కడే హుషారు. నేను మాత్రం ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, పోగు అతుకుతోందేమోనని.

డ్రమ్ములే అందుకున్నాయి.